హైఫైకి పవర్ ఫిల్టర్ కొనేముందు ఇంట్లో చేసుకోవాల్సిన పరీక్షలు

మొన్న వేసవిలో గుంటూరు బ్రాడీపేటలో మేముండే ఇంట్లో, యాంప్లిఫయర్ వెనకాల స్పీకర్ తీగ బిగిస్తుంటే వేళ్ళు జిల్లుమన్నాయి. షాక్ అనేంత కాదు, చీమలు పాకినట్టు. అంతకు పది రోజుల ముందే, కరెంటు తీగలో కలిసొచ్చే రొదని వడకట్టే పవర్ ఫిల్టర్ ఉన్న మల్టీప్లగ్ బాక్స్ ఒకటి కొన్నాను. స్పీకర్లలో సన్నగా గుయ్‌మని హమ్ వస్తుండేది, అది పోతుందని కొన్నాను. హమ్ పోలేదు సరికదా, ఈ జిలజిల కొత్తగా మొదలైంది.

మా వీధిలో పాతికేళ్ళుగా వైరింగ్ పని చేసే పెద్దాయన వచ్చారు. మీటరు తీసి న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య పెడితే 90 వోల్టులు దాటి చూపించింది. "ఎర్తు గొయ్యిలో నీళ్ళు పోసి ఎన్నాళ్ళయింది బాబూ?" అన్నారు. ఆ గొయ్యి వెతకడానికే అరగంట పట్టింది. వాకిట్లో పూలకుండీల కింద దొరికింది. నల్లరేగడి నేల నెర్రెలిచ్చి, పైపు చుట్టూ వేలు దూరేంత సందు. పైపుకి బిగించిన తీగ తుప్పు పట్టి, ముట్టుకుంటే ఊడి చేతికొచ్చింది.

ఫిల్టర్ బాక్స్ లోపల ఫేజు నుంచి ఎర్తుకి ఒకటి, న్యూట్రల్ నుంచి ఎర్తుకి ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వీటిని వై కెపాసిటర్లు అంటారు. రొదని ఎర్తులోకి దింపడం వాటి పని. ఎర్తు తీగ ఊడిపోతే అవి ఆ రొదని దింపేది ఎక్కడికి? ఆ రెండూ వోల్టేజీని చెరిసగం పంచుకుని, ఎర్తు పిన్నుని 115 వోల్టుల చుట్టుపక్కల నిలబెడతాయి. ఆ బాక్స్‌కి తగిలించిన ప్రతి పరికరం రేకు మీదా అదే వోల్టేజీ. కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమంటుంది అంతే. కానీ శబ్దం బాగుపడటానికి కొన్న వస్తువు, ఎర్తు లేని ఇంట్లో రొదని తీసుకెళ్ళి నేరుగా ఆడియో పరికరాల ఒంటి మీదే పోస్తోందన్నమాట. ఎర్తు సరిచేయించాక జిలజిల ఆ నిమిషమే పోయింది. హమ్ మాత్రం అలాగే ఉంది. దానికి కారణం వేరే, కింద చెప్తాను.

విజయవాడలో, గుంటూరులో హైఫై పెట్టుకున్న వాళ్ళు "ఫిల్టర్ కొనాలా?" అని అడుగుతుంటే నాకు టెన్షన్ వచ్చేది ఇందుకే. ముందు వరసగా కొన్ని పరీక్షలు చేసుకోవాలి. చాలా ఇళ్ళలో కథ మూడో మెట్టు దగ్గరే అయిపోతుంది.

ముందుగా: ఫిల్టర్ ఏం చేస్తుంది, ఏం చెయ్యదు

గోడ సాకెట్‌లో వచ్చే 230 వోల్టుల, 50 హెర్ట్జ్ కరెంటు నేరుగా పాటలోకి వెళ్ళదు. యాంప్లిఫయర్‌లో ముందు ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని దింపుతుంది, రెక్టిఫయర్ దాన్ని డీసీ చేస్తుంది, పెద్ద కెపాసిటర్లు ఆ ఎగుడుదిగుళ్ళని నింపుతాయి, చిన్న సర్క్యూట్లకి రెగ్యులేటర్లు ఇంకా నున్నగా చేస్తాయి. రెక్టిఫయర్ దాటగానే 100 హెర్ట్జ్ అలలు పుడతాయి. గోడలోంచి వచ్చే ఏ రొద కంటే ఇవే పెద్దవి. డిజైన్ చేసినవాళ్ళు వీటిని అణచడానికే అంత కష్టపడతారు. ఎల్‌ఎమ్ 317 అనే మామూలు రెగ్యులేటర్ చిప్, ఒక 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ జత చేస్తే, ఈ అలల్ని 80 డెసిబెల్స్ దాకా, అంటే పదివేల వంతుకి తగ్గిస్తుంది. ఆడియోలో ఎక్కడ చూసినా కనిపించే ఎన్ఈ 5532 అనే ఆప్ ఆంప్ (సిగ్నల్‌ని పెంచే చిన్న చిప్), సప్లయిలో మిగిలిన అలల్ని మామూలుగా మరో 100 డెసిబెల్స్ తోసేస్తుంది.

ఇక ఫిల్టర్ సంగతి. మామూలు పవర్ ఫిల్టర్ గట్టిగా పనిచేసేది లక్ష, లక్షన్నర హెర్ట్జ్ పైన. పరికరాలు కరెంటు తీగలోకి ఎంత రొద వదలొచ్చో చెప్పే అంతర్జాతీయ పరిమితులు చాలావరకు 150 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలై 30 మెగాహెర్ట్జ్ దాకా ఉంటాయి, ఫిల్టర్లని ఆ లెక్కకే తయారుచేస్తారు. మన చెవి వినేది 20 కిలోహెర్ట్జ్ దాకానే. 50 హెర్ట్జ్‌ని ఫిల్టర్ ఆపితే యాంప్లిఫయర్‌కి కరెంటే అందదు. కాబట్టి హమ్ పోవడానికి ఫిల్టర్ కొనడం అంటే కాలి నొప్పికి కంటి చుక్కలు వేసుకోవడమే.

మరి ఆ పై రొద వల్ల ఎప్పుడూ నష్టం లేదా? కొన్నిసార్లు ఉంది. రేడియో స్థాయి రొద పొడవాటి తీగల ద్వారా సున్నితమైన సర్క్యూట్‌లోకి, ముఖ్యంగా రికార్డ్ ప్లేయర్ సూది నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ని పెంచే ఫోనో స్టేజ్‌లోకి దూరితే, అక్కడ అది వినిపించే శబ్దంగా మారుతుంది. చవక క్లాస్ డి యాంప్లిఫయర్ బోర్డులు, ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీతో తగిలించిన చిన్న డాక్‌లు (డిజిటల్ పాటని ఆడియో సిగ్నల్‌గా మార్చే పరికరాలు) కూడా ఒక్కోసారి ఇలా రొదకి లొంగిపోతాయి. అందుకే ముందు మీ ఇంట్లో రోగం ఏదో తేల్చుకోవాలి.

మొదటి మెట్టు: శబ్దాన్ని గుర్తుపట్టండి

రాత్రి పదకొండు దాటాక ఫ్యాన్ ఆపండి. పాట ఆపేసి, వాల్యూమ్ మీరు రోజూ వినేచోటే ఉంచి, ముందు ట్వీటర్‌కీ (స్పీకర్‌లో సన్నటి శబ్దాలు పలికే చిన్న భాగం) తర్వాత వూఫర్‌కీ (లోతు శబ్దాలు పలికే పెద్ద భాగం) చెవి దగ్గర పెట్టండి. కూర్చునే చోటు నుంచి ఏమీ వినపడకపోతే, ఫిల్టర్‌తో తీసేయడానికి అక్కడ ఏమీ లేదు. ఇక్కడే ఆగిపోయినా తప్పులేదు.

వినిపిస్తే, ఎలా ఉందో చూడండి. సుయ్‌మని ఆవిరి పోతున్నట్టుంటే అది యాంప్లిఫయర్ సొంత శబ్దం, కరెంటుతో సంబంధం లేదు. లోతుగా గుయ్‌మంటే 50 హెర్ట్జ్, ఎక్కువగా ఎర్తు లూపు, అంటే ఒకదానికొకటి కలిపిన పరికరాలు వేర్వేరు ఎర్తుల్ని తాకడం వల్ల వచ్చేది. బర్‌ర్‌మని గరగర ఉంటే 100 హెర్ట్జ్, దాని పై స్థాయిలు. సప్లయి కెపాసిటర్లు పాతబడినా ఇలాగే వస్తుంది. ఫోన్‌లో ఉచితంగా దొరికే స్పెక్ట్రమ్ యాప్ పెట్టి స్పీకర్ దగ్గర పట్టుకుంటే గీత 50 దగ్గర లేచిందో 100 దగ్గర లేచిందో కనిపిస్తుంది. చిన్న స్పీకర్లు 50 హెర్ట్జ్‌ని సరిగ్గా పలికించలేవు, కాబట్టి లూపు ఉన్నా పై గీతలే కనిపించవచ్చు. టప్ టప్ మని అప్పుడప్పుడూ వస్తే ఫ్రిజ్జో మోటారో ఆన్, ఆఫ్ అయ్యే శబ్దం.

ఇంకొకటి ఉంది. శబ్దం స్పీకర్‌లోంచి కాకుండా యాంప్లిఫయర్ పెట్టె లోంచే వస్తుంటే అది ట్రాన్స్‌ఫార్మర్ వణుకు. గుండ్రటి టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్లకి కరెంటులో కొంచెం డీసీ కలిసినా ఇలా అవుతుంది. కొన్ని హెయిర్ డ్రయర్లు తక్కువ వేడి మీద పెడితే డయోడ్‌తో సగం అలనే వాడుకుంటాయి, ఆ డీసీ అక్కడి నుంచి వస్తుంది. దీనికి మామూలు ఫిల్టర్ పనికిరాదు, డీసీ బ్లాకర్ అనే వేరే సర్క్యూట్ కావాలి.

రెండో మెట్టు: ఎర్తు

ఇది ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. స్క్రూడ్రైవర్ టెస్టర్ వెలిగిందా లేదా అన్నది ఎర్తుకి పరీక్ష కాదు. మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయించాలి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 చుట్టుపక్కల, ఫేజుకీ ఎర్తుకీ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య ఒకటి రెండు వోల్టులు. మూడోది పదులు దాటితే ఎర్తు లేనట్టే లెక్క. మీటరు మంచి అంకె చూపించినా తీగ బలహీనంగా ఉండొచ్చు. అందుకే అనుభవమున్నవాళ్ళు ఫేజుకీ ఎర్తుకీ మధ్య 100 వాట్ల బల్బు వెలిగించి చూస్తారు. బల్బు నిండుగా వెలగాలి. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తులోకి కారితే లైన్ ఆపేసే స్విచ్) ఉంటే అది వెంటనే పడిపోతుంది. పడిపోవడం మంచిదే, అది పనిచేస్తోందని అర్థం.

మన ప్రాంతపు నేల సంగతి గుర్తుంచుకోవాలి. గుంటూరు వైపు నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు కరెంటుని బాగా లాగేసుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండి నెర్రెలిస్తే పైపుకీ మట్టికీ పట్టు వదిలిపోతుంది. బొగ్గు, ఉప్పు వేసి పాతిన గొయ్యి అయినా సరే వేసవిలో నీళ్ళు పోస్తుండాలి. విజయవాడ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు అసోసియేషన్ వాళ్ళనడిగి గొయ్యి ఎక్కడుందో తెలుసుకోండి. చాలాచోట్ల పార్కింగ్ టైల్స్ కింద కప్పేసి ఉంటుంది.

హమ్ తగ్గుతుందని ప్లగ్గులో ఎర్తు పిన్ను విరగ్గొట్టే వాళ్ళున్నారు. నిజంగానే ఒక్కోసారి హమ్ తగ్గుతుంది. కానీ లోపల ఫేజు రేకుకి తగిలిన రోజున పరికరం ముట్టుకున్న మనిషి ప్రాణం పోవచ్చు. దయచేసి ఆ పని చెయ్యొద్దు.

మూడో మెట్టు: లూపు

వాల్యూమ్ నాబ్ తిప్పండి. హమ్ దాంతోపాటు పెరిగి తగ్గుతుంటే అది నాబ్‌కి ముందు నుంచి వస్తోంది, అంటే మీరు తగిలించిన ఏదో ఒక సోర్స్ నుంచి. మారకపోతే నాబ్ తర్వాత, యాంప్లిఫయర్‌లో. ఇప్పుడు వెనకాల ఉన్న తీగల్ని ఒక్కొక్కటిగా తీసి చూడండి. ప్రతిసారీ వాల్యూమ్ సున్నాకి దించి, తీగ తీసి, మళ్ళీ పెంచి వినాలి.

మా ఇంట్లో దొంగ ఇక్కడే దొరికాడు. టీవీ ఆడియో యాంప్లిఫయర్‌కి వస్తుంది, టీవీకి సెట్‌టాప్ బాక్స్, దానికి వీధి స్తంభం మీద నుంచి దిగిన కేబుల్. కేబుల్ చుట్టూ ఉండే అల్లిక తొడుగు ఎక్కడో దూరంగా వేరే ఎర్తుని తాకుతుంది, నా యాంప్లిఫయర్ ఇంటి ఎర్తుని తాకుతుంది. ఆ రెండు ఎర్తుల మధ్య ఉన్న చిన్న వోల్టేజీ తేడా వల్ల ఆడియో తీగ తొడుగులో కరెంటు ప్రవహిస్తుంది, అదే హమ్. సెట్‌టాప్ బాక్స్ వెనక మర బిగింపు విప్పి కేబుల్ బయటికి లాగాను. అంతవరకు గదిలో ఉన్న ఆ గుయ్ ఠక్కున ఆగింది. మా అమ్మాయి పక్కగదిలోంచి "కరెంటు పోయిందా నాన్నా?" అని అడిగింది. టీవీ నుంచి యాంప్లిఫయర్‌కి ఆప్టికల్ తీగ వేశాను. అందులో వెళ్ళేది వెలుగే కాబట్టి లూపు తెగిపోయింది. ఖర్చు మూడొందల లోపు.

మీ యాంప్లిఫయర్‌కి ఆప్టికల్ లేకపోతే కేబుల్ దారిలోనే పెట్టి, రెండు వైపుల తొడుగుల్నీ విడదీసే గాల్వనిక్ ఐసొలేటర్ దొరుకుతుంది. ఆర్‌సీఏ (మామూలు ఆడియో) తీగల మధ్య పెట్టే ఐసొలేటర్ ట్రాన్స్‌ఫార్మర్లూ ఉన్నాయి, కానీ వాటిలో చవకవి బేస్‌ని నలిపేస్తాయి, మృదంగం తొప్పి వైపు నాదం పలచబడుతుంది. ఇవన్నీ కొనేముందు చెయ్యాల్సిన ఉచిత పని ఒకటుంది. ఆడియోకి సంబంధించిన ప్లగ్గులన్నీ ఒకే సాకెట్ నుంచి, ఒకే మల్టీప్లగ్ ద్వారా ఇవ్వండి. ఎర్తులన్నీ ఒకచోట కలుస్తాయి కాబట్టి వాటి మధ్య తేడా దాదాపు ఉండదు. కొత్త ఫిల్టర్ బాక్స్ కొనగానే శబ్దం బాగుపడిందని చెప్పే కొందరి ఇళ్ళలో నిజంగా బాగుచేసింది ఇదేనని నా నమ్మకం. ఆ పని మామూలు మల్టీప్లగ్ కూడా చేస్తుంది.

నాలుగో మెట్టు: ఇన్వర్టర్, స్టెబిలైజర్

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడే గరగర వస్తుంటే మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ కావచ్చు. దాని కరెంటు అల గుండ్రంగా కాకుండా మెట్లు మెట్లుగా ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్లు మూలుగుతాయి. చిన్న ఫిల్టర్ దాన్ని సైన్ వేవ్ చెయ్యలేదు. ఆడియో సాకెట్‌ని ఇన్వర్టర్ లైన్ నుంచి తప్పించండి, లేదా ఈసారి ఇన్వర్టర్ మార్చినప్పుడు సైన్ వేవ్‌ది తీసుకోండి.

స్టెబిలైజర్ వోల్టేజీని సర్దుతుంది, రొదని తీయదు. వీధి ట్రాన్స్‌ఫార్మర్ 11 కిలోవోల్టుల్ని 433 వోల్టులకి దింపుతుంది, అంటే ఒక ఫేజుకి 250. దాని పక్కనే ఉన్న ఇళ్ళకి అర్ధరాత్రి 245 రావడం, వీధి చివరి ఇళ్ళకి వేసవి సాయంత్రం ఏసీలన్నీ నడిచేటప్పుడు బాగా పడిపోవడం మామూలే. వోల్టేజీ 207కి పడినా, రెగ్యులేషన్ లేని సప్లయి ఉన్న యాంప్లిఫయర్ గరిష్ఠ శక్తిలో ఐదో వంతు దాకా మాత్రమే తగ్గుతుంది, అంటే ఒక డెసిబెల్ కూడా కాదు. మామూలు వాల్యూమ్‌లో తెలియదు. ఇంకా కిందికి, 180, 190కి పడుతుంటేనే స్టెబిలైజర్ గురించి ఆలోచించండి.

ఐదో మెట్టు: రేడియోతో గాలింపు

నాకు అన్నింటికంటే ఇష్టమైన పరీక్ష ఇది. పాత ట్రాన్సిస్టర్ రేడియో, మీడియం వేవ్ ఉన్నది, అటక మీద ఉంటే దించండి. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ దగ్గర వినేవాళ్ళం. ఆ ముల్లుని ఏ స్టేషనూ లేని ఖాళీ చోటుకి జరిపి, ఇల్లంతా తిరగండి. కరెంటు తీగలోకి రొద వదిలే ప్రతి వస్తువు దగ్గరా రేడియో అరుస్తుంది. ఫోన్ చార్జర్లు, ఎల్ఈడీ బల్బులు, ఇండక్షన్ పొయ్యి, దోమల బ్యాట్ చార్జింగ్‌లో ఉన్నప్పుడు, అన్నీ ఒక్కొక్క గొంతుతో పలుకుతాయి.

ఫ్యాన్ రెగ్యులేటర్ దగ్గర కాసేపు ఆగండి. మెట్లు లేకుండా నున్నగా తిరిగే రెగ్యులేటర్ లోపల ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ఉంటుంది, అది సెకనుకి వందసార్లు అలని మధ్యలో కోస్తుంది. కోసిన ప్రతిసారీ ఒక సూది లాంటి రొద తీగలోకి వెళుతుంది. ఒకటి, రెండు, మూడు అని టక్ టక్ మని ఆగే కొత్త స్టెప్ రెగ్యులేటర్లలో చాలావాటిలో కెపాసిటర్లుంటాయి, అవి అలని కోయవు. పాతకాలపు పెద్ద రెగ్యులేటర్ వేడెక్కుతుంది గానీ రొద చెయ్యదు. మా హాల్లో ట్రయాక్ రెగ్యులేటర్ తీయించి స్టెప్ రెగ్యులేటర్ పెట్టించాక, ఫోనో స్టేజ్‌లో ఫ్యాన్ తిరిగినంతసేపూ వచ్చే చిటచిట పోయింది. రొదని పుట్టిన చోటే ఆపితే ఇంట్లో అందరికీ మేలు. చార్జర్ తీగకి రొదని అణిచే ఫెర్రైట్ ముక్క బిగించడం, నాసిరకం బల్బు మార్చడం కూడా ఇలాంటివే.

ఆరో మెట్టు: ఇవన్నీ అయ్యాక ఫిల్టర్

ఇన్ని చేసినా పక్కింటి నుంచో, కింది షాపు నుంచో వచ్చే రొద మిగిలితే, అప్పుడు ఫిల్టర్‌కి పని ఉంది. కొనేటప్పుడు చూడాల్సినవి: ఎన్ని ఆంపియర్లు మొయ్యగలదు, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో గ్రాఫ్ ఇచ్చారా, లోపలి కెపాసిటర్ల మీద ఎక్స్2, వై2 అని భద్రత ముద్ర ఉందా, ఎర్తులోకి లీకేజీ ఎన్ని మిల్లీఆంపియర్లు. నాలుగైదు ఫిల్టర్ల లీకేజీ కలిస్తే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుండవచ్చు. గ్రాఫ్ ఇవ్వకుండా "స్వచ్ఛమైన కరెంటు, విశాలమైన సౌండ్‌స్టేజ్" అని మాత్రమే రాసినదాన్ని నేనైతే కొనను.

ఇంటి లైన్‌తో తీగ కలవకుండా కరెంటు ఇచ్చే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మంచి పనిముట్టే, కానీ బరువు, దాని సొంత వణుకు ఉంటాయి, గదిలో కాకుండా బయట పెట్టాలి. కొత్తగా 230 వోల్టుల అలని తయారుచేసి ఇచ్చే రీజనరేటర్లు చాలా ఖరీదు, బాగా వేడెక్కుతాయి. వేల రూపాయల పవర్ కార్డ్‌ల గురించి ఒక్క మాట: కరెంటు ఎన్నో కిలోమీటర్ల లైన్లు, వీధి ట్రాన్స్‌ఫార్మర్, గోడలోని మామూలు రాగి తీగ దాటి వచ్చింది. చివరి ఒకటిన్నర మీటరు దాన్ని మార్చలేదు.

ఏడో మెట్టు: కళ్ళు మూసుకుని వినండి

కొన్న ఫిల్టర్‌ని వాపసు గడువులోగా ఇలా పరీక్షించండి. ఇంట్లో ఒకరిని నాణెం ఎగరేయమనండి. బొమ్మ పడితే ఫిల్టర్ ద్వారా, బొరుసు పడితే నేరుగా. ఏది పెట్టారో మీకు కనిపించకూడదు, వాళ్ళు కాగితం మీద రాసుకోవాలి. ఒకే పాటలో ఒకే నిమిషం, వాల్యూమ్ ముట్టుకోకుండా, పదిసార్లు. తొమ్మిది సరిగ్గా చెప్పగలిగితే దాన్ని నమ్మవచ్చు, ఎందుకంటే ఊరికే ఊహించి తొమ్మిదీ అంతకంటే ఎక్కువా కొట్టే అవకాశం 93లో ఒకటి. ఐదు, ఆరు, ఏడు వస్తే అది నాణెం చెప్పిన మాటే.

నేను ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ పెట్టుకుని విన్నాను. మా అమ్మాయి నాణెం ఎగరేసింది. పదిలో ఆరు సరిగ్గా చెప్పాను. ఎర్తు, లూపు, రెగ్యులేటర్ సరైపోయాక ఆ బాక్స్ ఉన్నా లేకున్నా నాకు తేడా తెలియలేదు. పరీక్షకి పాట ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త: పాత రికార్డింగుల్లో హమ్ రికార్డింగ్‌లోనే ఉండవచ్చు. దాన్ని ఏ ఫిల్టరూ తీయలేదు.

ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి రికార్డ్ చేసే పెట్టె) ఉన్నవాళ్ళు డాక్ అవుట్‌పుట్‌ని ఫిల్టర్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి రికార్డ్ చేసి, ఆర్ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండు గ్రాఫ్‌లూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. చెవి అలసిపోయినా అది అలసిపోదు.

చివరగా: పిడుగులు

ఫిల్టర్ బాక్స్‌లో నిజంగా డబ్బు విలువ చేసే భాగం చాలాసార్లు ఎంఓవీ అనే చిన్న బిళ్ళ. మే నెల గాలివానలో పిడుగు దగ్గర్లో పడి తీగలో వోల్టేజీ ఎగదన్నితే, 275 వోల్టుల రేటింగ్ ఉన్న బిళ్ళ ఆ పోటుని ఏడొందల వోల్టుల చుట్టుపక్కల పట్టి ఆపుతుంది. ప్రతి పోటుకీ అది కొంచెం అరుగుతుంది, బిళ్ళ పనిచేస్తోందని చూపే దీపం బాక్స్ మీద ఉంటే, అది ఆరిపోగానే బాక్స్ మార్చాలి. మెయిన్ బోర్డులోనే ఎలక్ట్రీషియన్ చేత సర్జ్ ప్రొటెక్షన్ పెట్టిస్తే ఇంకా మంచిది. దానికీ మంచి ఎర్తు కావాలి. న్యూట్రల్ ఊడి 300 దాటి వోల్టేజీ నిలబడితే మాత్రం ఈ బిళ్ళ కాలిపోతుంది, దానికి ఓవర్ వోల్టేజ్ కటాఫ్ వేరే పెట్టాలి. ఉరుములు దగ్గరైతే ప్లగ్గు పీకేయడమే, కేబుల్ తీగతో సహా.

మా బాక్స్ ఇంకా అదే సాకెట్‌లో ఉంది, ఆ బిళ్ళ కోసం. పూలకుండీలు గొయ్యి మీద నుంచి పక్కకి జరిపాం. ఆదివారం పొద్దున మొక్కలకి నీళ్ళు పోసేటప్పుడు దానికీ రెండు బిందెలు పోస్తున్నాం.